ఏడు రోజుల అతిథి

మన యాత్రాకథనాల్లో ఒక మనిషి ఎప్పుడూ కనిపించడు. యాత్రికుడు కనిపిస్తాడు. అతను చూసిన గుళ్ళు, కోటలు, సముద్రాలు కనిపిస్తాయి. అతను పడుకున్న పక్క దులిపినదెవరో, అతను తిన్న పళ్ళెం కడిగినదెవరో మాత్రం ఆ పుస్తకాల్లో వెతికినా దొరకదు. యాత్రాసాహిత్యం పాఠం వచ్చినప్పుడల్లా ఈ మాట నేను తరగతిలో అంటూనే ఉన్నాను. ఏనుగుల వీరాస్వామి 1830లో బయలుదేరి చేసిన కాశీయాత్రను గురించి చెబుతూ, ఏ మజిలీలో నీళ్ళెలా ఉన్నాయి, ఏ ఊళ్ళో అంగళ్ళున్నాయి, ఎక్కడ ఏ సరుకు దొరుకుతుంది అని ఆయన రాసిపెట్టుకున్న వివరాలే ఆ గ్రంథానికి బలమనీ, తరువాతివారు చాలామంది ఆ గుణాన్ని పోగొట్టుకున్నారనీ విద్యార్థులకు చెప్పాను.

చెప్పటం సులభమే. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 3 దాకా నేనే యాత్రికురాలినై మెక్సికో తీరాన ఒక హోటల్లో గడిపేటంతవరకు, ఆ మనిషి ఎందుకు కనిపించడో నాకు సరిగా అర్థం కాలేదు. రాసేవాడి చూపు మంచిది కాకపోవటమే కారణమని అనుకునేదాన్ని. అది కొంతవరకే నిజం. ఆ మనిషి కంట పడకుండా ఉండటానికి పక్కా ఏర్పాటు కూడా ఉంటుంది. ఆ ఏర్పాటులో నేను ఏడు రోజులు సుఖంగానే ఉన్నాను గనక ఈ సంగతి రాయవలసిన బాధ్యత నామీద ఉన్నది.

నా చెల్లెలు, మరిది డాలస్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్ళను చూడటానికి సెలవు పెట్టి వెళ్ళాను. అక్కడి మనవాళ్ళు శీతాకాలపు సెలవుల్లో చలి తప్పించుకోవటానికి మెక్సికోలోని కాన్‌కూన్‌కు పోవటం పరిపాటి. విమానంలో సుమారు మూడు గంటల దూరం. “అక్కా, నువ్వు వారం రోజులపాటు వంటింటి మొహం చూడటానికి వీల్లేదు” అని చెల్లెలు ముందే టికెట్లు కొనిపెట్టింది. ఖర్చంతా వాళ్ళదే. నా పాస్‌పోర్టులో అమెరికా వీసా ఉన్నది గనక మెక్సికోకు వేరే వీసా అడగలేదు. అమెరికా గుమ్మం తొక్కే అర్హత సంపాదించినవాళ్ళకు మెక్సికో గుమ్మం దానంతటదే తెరుచుకుంటుంది. మెక్సికోలో పుట్టినవాడికి మాత్రం అమెరికా గుమ్మం అలా తెరుచుకోదు.

హోటల్లో అడుగుపెట్టగానే మా అందరి మణికట్లకూ తలా ఒక పట్టీ కట్టారు. కత్తెర వేస్తే తప్ప ఊడదు. అది చేతికి ఉంటే ఎన్నిసార్లయినా తినవచ్చు, ఏదైనా తాగవచ్చు, ఎంతసేపయినా సముద్రపొడ్డున పడక కుర్చీలో పడుకోవచ్చు. డబ్బు డాలస్‌లోనే చెల్లించారు. ఇక పర్సు తెరవవలసిన పని లేదు.

మొదటి రెండు రోజులూ నేను చాలా సంతోషించాను. ఈ మాట దాచితే తక్కిన వ్యాసమంతా అబద్ధమవుతుంది. నాకు ముప్పై ఆరేళ్ళు. పెళ్ళయినప్పటినుంచీ పొద్దున లేవగానే పొయ్యి వెలిగించని రోజు నాకు గుర్తులేదు. జ్వరం వచ్చినప్పుడు కూడా ఎవరికి ఏ డబ్బాలో ఏమి సర్దాలో పడుకునే చెప్పేదాన్ని. అటువంటి మనిషి ముందుకు ఎవరో వండినది వేడివేడిగా రావటం, తిన్న పళ్ళెం అక్కడే వదిలి లేచిపోవటం ఎంత సుఖమో మగవాళ్ళకు చెప్పినా తెలియదు. అభ్యుదయ రచయితలు సుఖమనగానే మొహం చిట్లించుకోవటం నాకు నచ్చదు. ఇంటిచాకిరీ చేసే ఆడదానికి వారం రోజుల విశ్రాంతి విలాసమేమీ కాదు, లోకం ఆమెకు పడ్డ బాకీ. కాని నాకు రావలసిన ఆ బాకీని తీర్చినదెవరు?

మొదటిరోజు సాయంత్రం గదిలోకి వచ్చేసరికి మంచంమీద తువాళ్ళతో మడిచిన రెండు హంసలున్నాయి. శ్రీనాథుడి నైషధం పాఠం చెప్పేదాన్ని గనక నలదమయంతుల మధ్య రాయబారం నడిపిన హంసే గుర్తుకువచ్చింది. చెల్లెలి కూతురు వాటికి ఫోటో తీసింది. మూడోరోజు ఏదో మరిచి గదికి తిరిగి వచ్చినప్పుడు ఆ హంసను చేస్తున్న మనిషిని చూశాను. పొట్టి మనిషి, ఇంచుమించు నా వయస్సే. నన్ను చూసి తప్పు చేసినదానిలాగా పక్కకు తప్పుకున్నది. చెల్లెలి కూతురు బళ్ళో స్పానిష్ నేర్చుకుంటున్నది. ఆ పిల్లచేత మాట్లాడించాను. రోజుకు పదిహేను గదులు సర్దాలట. పక్కబట్టలు, స్నానాలగది, నేల, చెత్త, ఆపైన హంసలు. హంసకు వేరే సమయమంటూ ఇవ్వరు. అందుకని హంసలు మడవటం ఇంటివద్ద పిల్లల తువాళ్ళమీద సాధన చేసిందట. కాగితం మూడు నెలలకు రాసిస్తారు, తరువాత మళ్ళీ రాస్తారో లేదో తెలియదు అన్నది.

ఆ మాట వినగానే నాకు ఒళ్ళు ఝల్లుమన్నది. ఈ ఉద్యోగం ఖాయం కావటానికి ముందు నేను ఏడేళ్ళు కాంట్రాక్టు లెక్చరరుగా పనిచేశాను. ఏటా వేసవి రాగానే “మళ్ళీ పిలుస్తారో లేదో” అని లెక్కపెట్టుకునేదాన్ని. ప్రిన్సిపాలు గదిముందు ఎలా నిలబడాలో, ఎంత నవ్వాలో ఆ ఏడేళ్ళలోనే నేర్చుకున్నాను. ఆమె నన్ను చూసి నవ్విన నవ్వు నాకు బాగా తెలిసిన నవ్వు.

ఈ ఊరి పుట్టుక తెలిస్తే ఆ నవ్వుకు కారణం తెలుస్తుంది. కాన్‌కూన్ పాత పట్నమేమీ కాదు. 1960ల చివర్లో మెక్సికో కేంద్రబ్యాంకు విదేశీ ద్రవ్యం సంపాదించే మార్గం కోసం దేశంలోని తీరాలన్నీ గాలించి, జనం దాదాపు లేని ఈ ఇసుకదిబ్బను ఎంచుకున్నది. 1970 ప్రాంతంలో పని మొదలైంది. 1971లో అంతర అమెరికా అభివృద్ధి బ్యాంకు అప్పిచ్చింది. 1974లో మొదటి హోటళ్ళు తెరిచారు; అదే ఏడు అక్టోబరు 8న కింతానా రో ప్రాంతం రాష్ట్రమయింది. 2020 జనాభా లెక్కల నాటికి ఈ మునిసిపాలిటీలో తొమ్మిది లక్షలమందికి పైగా ఉన్నారు. నగరాన్ని మొదటినుంచీ రెండుగా గీశారు. సముద్రానికీ ఉప్పుకయ్యకూ మధ్యనున్న సన్నని దిబ్బమీద అతిథులు; కయ్యకు అవతల, లోపలి నేలమీద పనివాళ్ళు. మెక్సికో చట్టం ప్రకారం సముద్రతీరం ప్రజలందరిదీ. దారి మూసిన హోటళ్ళకు జరిమానా వెయ్యాలని 2020లో చట్టాన్ని సవరించారు కూడా. ఇసుక అందరిదే, కాని ఇసుకదాకా పోయే నేల హోటళ్ళది.

అతిథి కోసం గడియారాన్ని కూడా జరిపారు. పక్కనున్న యూకతాన్ రాష్ట్రంకన్న కింతానా రోలో గడియారం ఒక గంట ముందు నడుస్తుంది. 2015లో చేసిన మార్పు ఇది. సాయంత్రం వెలుగు ఎక్కువసేపుంటే యాత్రికులు ఎక్కువసేపు బయట తిరుగుతారన్నది దీనికి చెప్పిన కారణాల్లో ఒకటి. తెల్లవారకముందే పనికి బయలుదేరే మనిషికి మాత్రం ఆ గంట చీకటిగా దక్కింది.

ఇక ఒకరోజు యాత్రలు. ఒకరోజు తులూమ్ పోయాము. సముద్రపుటంచున, చుట్టూ గోడతో, చిన్న నగరం. మరొకరోజు చిచెన్ ఇత్సా. అక్కడి పిరమిడ్‌కు నాలుగువైపులా ఒక్కొక్క వైపు 91 మెట్లు. పై అరుగు కలుపుకుంటే మొత్తం 365. అంత లెక్క తెలిసిన జాతి అది. కిందనిలబడి చప్పట్లు కొడితే మెట్లనుంచి పిట్టకూతలాంటి ప్రతిధ్వని వస్తుంది. బస్సులోనివాళ్ళందరం చప్పట్లు కొట్టాము. మా గైడు మంచి ఇంగ్లీషులో చాలా విషయాలు చెప్పి, చివరకు గొంతు తగ్గించి, “ఇంత గొప్ప జాతి ఒకనాడు అంతుచిక్కని విధంగా అదృశ్యమైపోయింది” అన్నాడు. మా మరిది నావైపు తిరిగి, “వదినా, మాయా జనం మాయమైపోయారట” అన్నాడు. అందరం నవ్వాము. తిరుగు దారిలో ఆ గైడును మీ సొంత ఊరేదని అడిగాను. వయ్యదోలిద్ అవతల పల్లెటూరు అన్నాడు. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అన్నాను. “మాయా” అన్నాడు. మరి అదృశ్యమయ్యారంటివే అంటే, “అలా చెబితేనే అతిథులకు ఇష్టమమ్మా” అని నవ్వాడు.

2020 లెక్కల ప్రకారం మెక్సికోలో యూకతాన్ మాయా మాట్లాడేవారు ఏడున్నర లక్షలకు పైనే ఉన్నారు. వాళ్ళను మాయం చెయ్యటం మాత్రం చాలాకాలంగా జరుగుతున్నది. 1562 జూలై 12న మానీ అనే ఊళ్ళో దియేగో దె లాందా అనే స్పానిష్ మతగురువు మాయా గ్రంథాలను పోగుపోసి తగలబెట్టించాడు. ఇప్పుడు లోకంలో మిగిలినవి నాలుగే. వాటిలో మూడు ఐరోపాలో ఉన్నాయి. అదే లాందా ఆ లిపికి ఒక అక్షరమాల కూడా రాసిపెట్టాడు. అతను స్పానిష్ అక్షరాల పేర్లు “ఆ, బే, సే” అని పలికితే, మాయా లేఖకుడు “బే”, “సే” అన్న శబ్దాలకు గుర్తులు వేసి ఇచ్చాడు. పండితులకు ఆ జాబితా చాలాకాలం కొరకరాని కొయ్యగానే ఉన్నది. అవి ఒంటి అక్షరాలు కావు, హల్లూ అచ్చూ కలిసిన అక్షరాలని 1952లో యూరి క్నోరొజోవ్ అనే సోవియట్ పండితుడు చూపించాడు. మాయా దేశం మొహమైనా చూడకుండా లెనిన్‌గ్రాడ్‌లో కూచుని చేసిన పని అది. గుణింతం దిద్దుకుని పెరిగిన తెలుగువాళ్ళకు ఈ సంగతి వెంటనే బోధపడుతుంది. మన “బే” కూడా ఒకే అక్షరం. ఇంత చదివిన నేను, పక్కన కూచున్న మాయా మనిషిని మాయా మనిషిగా పోల్చుకోలేకపోయాను.

అక్కడి నేల కథ కూడా చెప్పుకోవాలి. 1894లో ఎడ్వర్డ్ థాంప్సన్ అనే అమెరికన్ చిచెన్ ఇత్సా ఉన్న ఎస్టేటును కొని, అక్కడి పవిత్రమైన కోనేటిని తోడించి, దొరికినవాటిని హార్వర్డ్ విశ్వవిద్యాలయపు పీబాడీ మ్యూజియానికి పంపించాడు. యూకతాన్ ప్రభుత్వం 2010లో కొనేదాకా ఆ పిరమిడ్ కింది నేల ఒక కుటుంబానికి సొంత ఆస్తి. కట్టినవాళ్ళ మనుమలు ఇప్పుడక్కడ చెట్లకింద కొయ్య ముఖాలు, దుప్పట్లు అమ్ముతూ, “దాదాపు ఉచితం, దాదాపు ఉచితం” అని పిలుస్తారు. నేను కూడా ఒక గుడ్డసంచీకి రైతుబజారులోలాగా బేరమాడి సగానికి సగం తగ్గించాను. మా చెల్లెలు నన్ను మెచ్చుకున్నది.

భోజనానికి బస్సును ఒక పాత ఎస్టేటు బంగళా దగ్గర ఆపారు. అక్కడ ఒక అద్దాలపెట్టెలో రాగి, ఇత్తడి బిళ్ళలు పెట్టి ఉన్నాయి. పందొమ్మిదో శతాబ్దం చివర్లో యూకతాన్ భూస్వాములు మన కిత్తనారకు దాయాది అయిన ఎనెకెన్ పంట వేసి కోట్లు గడించారు. అమెరికాలో గోధుమ కోసే యంత్రాలకు మోపులు కట్టే తాడు కావాలి, ఆ తాడుకు నార ఇక్కడిది. మన పొలాలగట్లమీదా రైలుకట్టల పక్కనా పెరిగే కిత్తనారను కూడా “సిసాల్” అనేది యూకతాన్‌లోని సిసాల్ రేవు పేరును బట్టే. ఆ తోటల్లో పనిచేసిన మాయా కూలీలకు తరతరాల అప్పు ఉండేది. తండ్రి అప్పు కొడుకుమీద పడేది. మన తెలంగాణాలో భగేలా అన్నది ఇదే. కూలి నాణేల్లో ఇచ్చేవారు కారు. ఎస్టేటు ముద్రవేసిన బిళ్ళల్లో ఇచ్చేవారు. ఆ బిళ్ళ ఎస్టేటు దుకాణంలో చెల్లుతుంది, కంచె దాటితే చెల్లదు.

ఆ బిళ్ళలు చూస్తూ నా చేతి పట్టీవైపు చూసుకున్నాను. ఇది కూడా కంచె లోపలే చెల్లుతుంది. బిళ్ళ కూలివాణ్ణి లోపల కట్టిపడేసింది; పట్టీ అతిథిని లోపల కట్టిపడేస్తుంది. కూలివాడు కంచె దాటితే ఆకలితో చస్తాడు. అతిథి దాటితే చావడు. కాని లోపల అన్నీ ముందే కొనుక్కున్నవాడు బయటి పూటకూళ్ళింట్లో ఎందుకు తింటాడు? అతని డబ్బు డాలస్‌లో చేతులు మారిపోయింది. ఊళ్ళో కొట్టువాడికి అతను ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. రెండు ఏర్పాట్లకూ పోలిక అంతవరకే. నన్ను కూలివాడితో సమానం చేసుకోవటం సిగ్గుమాలినతనమవుతుంది. కూలివాణ్ణి బిళ్ళ నలిపేసింది. నాకు పట్టీ హంసల్ని ఇచ్చింది.

మాయా రైతులు ఇదంతా ఊరికే భరించలేదు. చెరకుతోటల కోసం భూములు లాక్కోవటం, పన్నులు, అప్పులు మితిమీరి 1847లో తిరగబడ్డారు. జూలై 26న మనుయెల్ అంతోనియో ఆయ్ అనే నాయకుణ్ణి వయ్యదోలిద్‌లో చంపారు; నాలుగు రోజులకు తెపిచ్‌లో యుద్ధం మొదలైంది. దానికి “కులయుద్ధం” అని పేరు. భూమి కోసం జరిగిన పోరాటానికి జాతిద్వేషమనే రంగు పులిమే పేరు అది. 1848లో మెరిదా నగరం దరిదాపులకు వచ్చిన రైతుసేన, ఉసిళ్ళు లేవటం చూసి, వానలు వస్తున్నాయి, మొక్కజొన్న విత్తాలని ఇళ్ళకు మళ్ళిందని తరువాతి తరాలవారు చెప్పుకున్నారు. తిండి, మందుగుండు అయిపోవటం వంటి కారణాలను చరిత్రకారులు చెబుతారు. ఏదైనా, ఉసిళ్ళను చూసి అదను తెలుసుకునే రైతు మనకు కొత్తవాడు కాదు. ఈ తీరానికి దక్షిణాన అడవుల్లో వాళ్ళు 1901 దాకా ఎవరికీ లొంగకుండా నిలబడ్డారు. మా బస్సు వయ్యదోలిద్‌లో నలభై నిమిషాలు ఆగింది. ఐస్‌క్రీములు తిని, చర్చి ముందు ఫోటోలు తీసుకుని బయలుదేరాము.

ఆరోరోజు పొద్దున నేనూ చెల్లెలి కూతురూ హోటలు ముందు సిటీబస్సెక్కి కయ్య అవతలి ఊళ్ళోకి పోయాము. అరగంట దూరమే. బజారులో మిరపకాయలు, టమాటాలు, జామకాయలు, బొప్పాయిలు రాశులు పోసి ఉన్నాయి. ఇవన్నీ ఆ ఖండంలో పుట్టి మనకు వచ్చినవే. పోర్చుగీసువాళ్ళు మిరపకాయ తేకముందు మన వంటల్లో కారమంటే మిరియాలదే. హోటల్లో అతిథుల నాలుకకు సరిపడదని కారం తగ్గించి వండుతారు. ఇక్కడ ఒక బల్లముందు నిలబడి తోర్తియాలో చుట్టిన కూరతో అబనేరో మిరపకాయ పచ్చడి తింటే కళ్ళవెంట నీళ్ళు వచ్చాయి. బల్లవాడు సంతోషించాడు. ఆ వారంలో నేను స్వయంగా డబ్బిచ్చి కొన్న భోజనం అదొక్కటే.

ఆ సాయంత్రం గది సర్దే ఆమెతో మళ్ళీ మాట్లాడాము. ఆమె కూడా మాయా మనిషే. ఊళ్ళో ఉన్న తల్లితో ఫోనులో మాయాలో మాట్లాడుతుందట. పిల్లలతో కూడా మాట్లాడుతుంది, కాని వాళ్ళు స్పానిష్‌లో జవాబిస్తారు. బళ్ళో తక్కిన పిల్లలు ఎగతాళి చేస్తారట. ఈ మాటలను నాకు ఇంగ్లీషులో చెబుతున్నది మా చెల్లెలి కూతురు. నన్ను “పెద్దమ్మా” అని పిలుస్తుంది. ఆ పిలుపు తరువాత మరొక తెలుగు మాట దానికి రాదు. ఎమ్మే తెలుగు చదివి పద్యాలు చెప్పి బతుకుతున్న నేను, ఆ ఇద్దరి మధ్యా కూచుని, నా మాట ఆమెకు చేరటానికి ఎన్ని భాషలు దాటవలసివచ్చిందో లెక్కపెట్టుకున్నాను. ఆమె పిల్లలు భాష వదులుకుంటున్నది వెక్కిరింపుకు భయపడి. మా పిల్ల వదులుకున్నది, అక్కర లేక. నష్టం రెండుచోట్లా ఒకటే కావచ్చు, కారణాలు మాత్రం ఒకటి కావు.

మేము బయలుదేరినది జనవరి 3న. సరిగ్గా నూరేళ్ళ కిందట, 1924 జనవరి 3న, యూకతాన్ గవర్నరు ఫెలీపే కర్రీయో పుయెర్తోను మెరిదా శ్మశానంలో తిరుగుబాటు సైనికులు కాల్చిచంపారు. ఆయన సోషలిస్టు. 1922లో పదవి స్వీకరిస్తూ మాయా భాషలో ఉపన్యసించినవాడు. రైతులకు భూములు పంచాడు. చిచెన్ ఇత్సాకు 1923లో రోడ్డు తెరిచినది ఆయన ప్రభుత్వమే. పూర్వులు కట్టినదాన్ని పల్లెజనం చూడాలన్న ఆలోచన కూడా ఆ రోడ్డు వెనక ఉన్నది. మెక్సికో ప్రభుత్వం 2024ను ఆయన సంవత్సరంగా ప్రకటించింది. మా గైడు చెప్పిన చరిత్రలో రాజులున్నారు, బలులున్నాయి, ఆయన లేడు.

డాలస్ చేరాక చెల్లెలు కత్తెర తెచ్చి నా పట్టీ కోసింది. మణికట్టుమీద తెల్లని చార ఉన్నది, పదిరోజుల్లో పోయింది. ఈ యాత్రవల్ల ఎవరికి ఏమి మేలు చేశానని అడిగితే నాదగ్గర జవాబు లేదు. బల్లమీద పెట్టి వచ్చిన కొన్ని డాలర్లు జవాబు కావు. నేను వెళ్ళకపోయినా ఆ గదికి మరొక అతిథి వచ్చేది, ఆ అతిథి కూడా అలసిపోయిన ఆడదే కావచ్చు. ఆ హోటళ్ళు లేకుంటే ఆమెకు ఆ జీతం కూడా లేదు. ఆమే ఆ మాట అన్నది. రోజుకు ఎనిమిది గంటలే పని అని 1917లోనే రాజ్యాంగంలో రాసుకున్న దేశం అది. పదిహేను గదులు ఎనిమిది గంటల్లో అవుతాయా అని అడిగితే, “హంసలు లేకపోతే అవుతాయి” అన్నది.

రచయితలం గనక మనం చెయ్యగలిగిన చిన్నపని ఒకటున్నది. ఇకమీద ఎవరు యాత్ర రాసినా, గుడికి ఎన్ని మెట్లున్నాయో రాసినట్టే, గది సర్దిన మనిషికి ఎన్ని గదులున్నాయో కూడా రాయాలి. వీరాస్వామి బావుల్నీ అంగళ్ళనూ రాసిన శ్రద్ధతోనే రాయాలి. అది తెలియాలంటే ఆ మనిషిని అడగక తప్పదు. నాకు అడగటానికి మూడు రోజులు పట్టింది, అదీ ఏదో మరిచిపోయి గదికి తిరిగిరాబట్టి.

ఆమె పేరు అడిగాను, చెప్పింది. మూడు నెలలకొకసారి కాగితం కోసం ఎదురుచూసే మనిషి గనక ఇక్కడ రాయటం లేదు.